తొమ్మిది ముక్కల బొంత, బతుకమ్మ వరుసల్లో

బొంత కుట్టడం కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఎవరైనా ముందు చూపించేది తొమ్మిది ముక్కల గడి. మూడు వరుసలు, వరుసకు మూడు చతురస్రాలు. క్విల్టింగ్ నేర్పేవాళ్లు దీన్ని నైన్ ప్యాచ్ అంటారు. అమెరికాలో పిల్లలకు సూది పట్టడం నేర్పేటప్పుడు తరచూ దీంతో మొదలుపెట్టేవారు. అన్నీ తిన్నని కుట్లే కాబట్టి తప్పు పోయేది తక్కువ. చిక్కల్లా ఒక్కటే: అయిదారు గడులు అయ్యేసరికి కుట్టేవాళ్లకు విసుగు, పూర్తయ్యాక చూసేవాళ్లకూ విసుగే.

ఆ విసుగు తీర్చడానికి ఒక ఉపాయం ఉంది. కుట్టిన గడిని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి సగానికి కోసి, వచ్చిన నాలుగు ముక్కల్ని అటూ ఇటూ తిప్పి మళ్లీ కలుపుతారు. తొమ్మిది చతురస్రాల జాడే కనిపించదు కాబట్టి దీనికి డిసప్పియరింగ్ నైన్ ప్యాచ్ అని పేరు. ఇక్కడ మనం ఇంకో అడుగు ముందుకేద్దాం. ఏ గడి ముక్కల్ని ఆ గడికే కలపకుండా, 12 గడుల నుంచి వచ్చే మొత్తం 48 ముక్కల్నీ ఒక్క కుప్పగా పెట్టుకుని, బతుకమ్మను పైనుంచి చూస్తే పూల వరుసలు ఎలా కనిపిస్తాయో అలా పరుద్దాం. కుట్టు పని మాత్రం మొదటిసారి కుట్టేవాళ్లదే. కష్టమైన కుట్టు ఒక్కటీ లేదు.

కోస్తే ఏ ముక్క ఏమవుతుంది

రంగులు ఎంచుకునే ముందు ఇది అర్థం చేసుకోవాలి. చాలామంది ఇది చూసుకోకుండా మొదలుపెట్టి, బాగా నచ్చిన బట్టను గడి మధ్యలో పెట్టేస్తారు. తర్వాత అది చిన్నచిన్న ముక్కలైపోతే బాధపడతారు.

5 అంగుళాల చతురస్రాలు తొమ్మిది తీసుకుని, పావు అంగుళం మార్జిన్‌తో కుడితే 14 అంగుళాల గడి వస్తుంది. దాన్ని సరిగ్గా 7 దగ్గర నిలువుగా, 7 దగ్గర అడ్డంగా కోయండి. నాలుగు పాతిక ముక్కలు వస్తాయి. ఒక్కో పాతికలో ఏముందో చూడండి. మూలనున్న చతురస్రం చెక్కు చెదరకుండా ఉంది. పక్కనున్నవి సగానికి తెగి రెండు పట్టీలయ్యాయి. నట్టనడుమ ఉన్నది నాలుగు ముక్కలై, ఒక్కో పాతికకు ఒక చిట్టి చతురస్రం దక్కింది. అన్నీ కుట్టేశాక పెద్ద ముక్క నాలుగున్నర అంగుళాలు, పట్టీ నాలుగున్నర బై రెండు, చిట్టి ముక్క రెండు బై రెండు కనిపిస్తాయి. పాతిక మొత్తం ఆరున్నర అంగుళాలు.

కాబట్టి అందరి కళ్లూ పడాల్సిన బట్ట మూలలకు వెళ్లాలి. పక్కలకు వెళ్లేది నేల రంగు. మధ్యలోకి వెళ్లేది మెరుపు.

రంగుల లెక్క

ఈ బొంతలో అడ్డంగా 6 పాతికలు, నిలువుగా 8. అంటే 39 అంగుళాలు బై 52. పసిపాపకు పరవడానికి, ఏసీ గదిలో కాళ్ల మీద కప్పుకోవడానికి, సోఫా వీపు మీద వేయడానికి సరిపోతుంది. ఈ కొలతే ఎందుకంటే, పాత నూలు చీర పన్నా 45 అంగుళాల దాకా ఉంటుంది. అడుగు బట్టకు అతుకు లేకుండా చీర సరిగ్గా సరిపోతుంది.

6 బై 8 అమరికలో బయటి చుట్టుకు 24 పాతికలు పడతాయి. దాని లోపలి చుట్టుకు 16, నడుమ 8. ఒక్కో గడి నుంచి నాలుగు పాతికలు వస్తాయి కదా, అంటే బయటి రంగుకు 6 గడులు, దాని లోపలి రంగుకు 4, నడుమ రంగుకు 2. ఒక్క ముక్క మిగలదు, ఒక్కటి తక్కువ పడదు.

బతుకమ్మలో కిందిది పెద్ద చుట్టు, పైకి పోయేకొద్దీ చిన్నదవుతుంది. పైనుంచి చూస్తే కిందిదే బయటి వరుస. అందుకని బయటికి తంగేడు పసుపు, దాని లోపల గునుగు తెలుపు, నడుమ బంతి నారింజ పెట్టండి. పక్క ముక్కలన్నీ ముదురు ఆకుపచ్చ. గడుల మధ్యలోకి రాణీ పింక్.

గునుగును రంగులో ముంచి గులాబీగా వాడతారు కదా, మధ్య చుట్టు కూడా గులాబీ పెడితే పోలేదా అంటారేమో. పెట్టొచ్చు, కానీ ముందు బట్టల్ని పక్కపక్కన పరిచి ఫోన్‌లో ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. రాణీ పింక్, ముదురు ఆకుపచ్చ రెండూ దాదాపు ఒకే నలుపులో కనిపిస్తాయి. రంగుగా ఎంత తేడా ఉన్నా, దూరం నుంచి చూస్తే ఒకదాంట్లో ఒకటి మునిగిపోతాయి. పెద్ద ముక్కలు మునిగితే చుట్టు కనిపించదు. చిట్టి ముక్కలు మునిగినా ఫర్వాలేదు. దగ్గరికి వచ్చినవాళ్లకు అవే ముందు కనిపిస్తాయి.

రంగులు మీకిష్టమైనవి పెట్టుకోండి. పాటించాల్సింది ఒక్కటే: పెద్ద ముక్కలకూ పట్టీలకూ మధ్య వెలుగు తేడా బాగా ఉండాలి. రంగులు తక్కువ పెట్టుకుని గట్టిగా కనిపించేలా ఎలా వాడాలో చూడాలంటే వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీలు (నూలు తివాచీలు) చూడండి. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినవి అవే. చూసి నేర్చుకోవడానికే సుమా, దర్రీ మందం ఈ పనికి రాదు.

బట్ట

పన్నా 44 అంగుళాల బట్టలో 5 అంగుళాల పట్టీ ఒకటి తీస్తే 8 చతురస్రాలు వస్తాయి. ఆ లెక్కన కావాల్సింది ఇది:

- ముదురు ఆకుపచ్చ: 48 ముక్కలు, 6 పట్టీలు, 1 మీటరు
- పసుపు: 24 ముక్కలు, 3 పట్టీలు, అర మీటరు
- తెలుపు: 16 ముక్కలు, 2 పట్టీలు, 30 సెంటీమీటర్లు
- నారింజ: 8 ముక్కలు, 1 పట్టీ, 20 సెంటీమీటర్లు
- రాణీ పింక్: 12 ముక్కలు, 2 పట్టీలు, 30 సెంటీమీటర్లు

మొత్తం 108 ముక్కలు. వినడానికి జపమాల లెక్కలా ఉంది గానీ, పట్టీలుగా కోస్తే ఒక మధ్యాహ్నం పని. పావు మీటరు చాలదా అంటే, రెండు పట్టీలకు 10 అంగుళాలు కావాలి, పావు మీటరు 10కి కాస్త తక్కువే. అందుకే 30 అన్నాను.

కొత్త బట్టే కొనాల్సిన పని లేదు. ఒడిబియ్యాలకు, పేరంటాలకు వచ్చిన కనుములు (జాకెట్ ముక్కలు) బీరువాలో ఏళ్ల తరబడి మడత విప్పకుండా పడి ఉంటాయి, వాటిని తీయండి. కానీ అన్నీ నూలువి కావు. అనుమానం ఉన్నదాని అంచు నుంచి రెండు పోగులు లాగి, అగ్గిపుల్లతో అంటించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. సిరిసిల్ల మరమగ్గాల మీద వచ్చే బట్టలో పాలిస్టర్ ఎక్కువ. చీరగా కట్టుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఇస్త్రీ వేడి గట్టిగా తగలాల్సిన ఈ పనికి నూలుతో కలపకండి.

ఇంకో మాట. ఈ డిజైన్‌లో పాతికలు నాలుగు వైపులకూ తిరుగుతాయి. సిద్దిపేట గొల్లభామ బట్టను ముచ్చటపడి పెట్టారంటే, కొందరు గొల్లభామలు పక్కకు ఒరుగుతారు, కొందరు చల్లకుండతో సహా తల కిందికి పెట్టి నిలబడతారు. బుటా, చుక్కలు, సాదా రంగు, ఎటు తిప్పినా ఒకేలా ఉండే చిన్న ప్రింటు, ఇవే మేలు.

బట్టల్ని విడివిడిగా ఉతికి ఆరేయండి. నూలు కాస్త ముడుచుకుంటుంది, ఆ ముడుచుకునేదేదో కోయకముందే కావాలి. ఆకుపచ్చను, రాణీ పింక్‌ను తడిగా ఉన్నప్పుడే తెల్ల గుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటుతుంటే మళ్లీ ఉతకండి. మూడు నాలుగు ఉతుకులకు కూడా వదలని రంగుంటే ఆ బట్టనే మార్చండి. తెల్ల ముక్కల పక్కన దాన్ని పెట్టి తర్వాత ఏడ్చి లాభం లేదు. చివరి ఉతుకులో పల్చగా గంజి పెట్టి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. గంజి పెట్టిన బట్ట కత్తెర కింద జారదు, కుట్టేటప్పుడు సాగదు. ఎంత ఖరీదైన పనిముట్టు కొన్నా ఇంత సాయం చేయదు.

కోత

రోటరీ కట్టర్ (గుండ్రటి బ్లేడు కత్తి), దాని కింద వేసే కోత చాప ఉంటే మంచిది. లేకపోతే పెళ్లిపత్రిక అట్ట మీద 5 అంగుళాల చతురస్రం కచ్చితంగా గీసి కోసుకోండి. దాన్ని బట్ట మీద పెట్టి సుద్దతో చుట్టూ గీత గీయండి. అట్ట అంచు పోగుకు సమంగా ఉండాలి, ఏటవాలుగా పెట్టారంటే ముక్క సాగుతుంది. పది పదిహేను ముక్కలకోసారి అట్ట అంచులు అరిగాయేమో స్కేలుతో కొలవండి. ఒకదాని మీద ఒకటి నాలుగు మడతలు పెట్టి కత్తెరతో కోస్తే కింది ముక్క పెద్దది, పై ముక్క చిన్నది అవుతాయి. రెండు మడతలకు మించకండి.

పావు అంగుళం కుట్టు

బ్లౌజులు కుట్టే చెయ్యి అర అంగుళం, ముప్పావు అంగుళం వదలడానికి అలవాటు పడి ఉంటుంది. ఇక్కడ పావు అంగుళం. మిషన్ సూదిని చేత్తో తిప్పి కిందికి దించి, సూది మొన నుంచి కుడివైపుకు పావు అంగుళం కొలిచి, ప్లేటు మీద అక్కడ తెల్ల టేపు అంటించండి. బట్ట అంచు ఆ టేపును తాకుతూ పోవాలి. కాలి మిషన్ అయినా, మోటారు మిషన్ అయినా ఇదే పద్ధతి. పాదం అంచునే గుర్తుగా పెట్టుకోవద్దు, ఒక్కో పాదం ఒక్కో వెడల్పు ఉంటుంది.

తర్వాత పనికిరాని ముక్కలు మూడు 5 అంగుళాలకు కోసి వరుసగా కుట్టి, ఇస్త్రీ చేసి కొలవండి. 14 అంగుళాలు రావాలి. పదమూడు ముప్పావు వచ్చిందంటే మార్జిన్ ఎక్కువ పోతోంది, టేపును వెంట్రుకవాసి లోపలికి జరపండి. ఈ ఒక్క పరీక్ష వదిలేసి ముందుకు పోతే, చివరికి వరుసలన్నీ ఒకదానికొకటి కలవక టెన్షన్ పడతారు.

టేపు కుదిరాక ముక్కల్ని జతలుగా, మధ్యలో దారం తెంచకుండా ఒకదాని వెంట ఒకటి మిషన్‌లోకి పంపండి. దారం ఆదా, సమయమూ ఆదా. పసుపు గడికి వరుసలు ఇలా వస్తాయి: పై వరుస పసుపు, ఆకుపచ్చ, పసుపు. మధ్య వరుస ఆకుపచ్చ, పింక్, ఆకుపచ్చ. కింది వరుస మళ్లీ పై వరుసలాగే. తెలుపు, నారింజ గడులకూ అంతే, మూల రంగు ఒక్కటే మారుతుంది.

ఇస్త్రీలో ఒక చిన్న కిటుకు ఉంది. ప్రతి కుట్టు దగ్గరా మార్జిన్‌ను ఆకుపచ్చ వైపే వాల్చండి. పై వరుసలో ఆకుపచ్చ నడుమ ఉంది, అందుకని మార్జిన్లు లోపలికి వాలతాయి. మధ్య వరుసలో ఆకుపచ్చ రెండు చివర్లా ఉంది, బయటికి వాలతాయి. రెండు వరుసల్ని ముఖాముఖి పెట్టి కుట్టేటప్పుడు ఆ మార్జిన్లు ఎదురెదురుగా వచ్చి ఒకదానికొకటి గట్టిగా ఆనుకుంటాయి. వేలితో తడిమితే తెలుస్తుంది, గుబ్బ ఉండదు, సందూ ఉండదు. అక్కడ ఒక గుండుసూది గుచ్చి కుట్టేస్తే మూలలు అతికినట్టు కలుస్తాయి. పైగా లేత రంగు కింద ముదురు మార్జిన్ నీడ కూడా కనిపించదు.

గడిని కోయడం

ఇక్కడ అందరి చెయ్యీ ఒక్క క్షణం ఆగుతుంది. చక్కగా కుట్టినదాన్ని కోయమంటున్నారేమిటని. కోయండి.

బయటి అంచు నుంచి 7 కొలవడం కన్నా, నడుమ ఉన్న పింక్ ముక్క కుట్టు నుంచి రెండుంపావు అంగుళాలు కొలిచి గీత గీయడం మేలు. గడి ఓ నూలువాసి అటూ ఇటూ ఉన్నా చిట్టి ముక్కలు నాలుగూ సమంగా వస్తాయి. కట్టర్‌తో కోస్తే మొదటి కోత అయ్యాక ముక్కల్ని కదపకుండానే రెండో కోత కోయండి.

పాతికలన్నీ 7 బై 7 ఉన్నాయో లేదో కొలవండి. కొన్ని 7 కన్నా తగ్గితే, అన్నిటికన్నా చిన్నదాని కొలతకే మిగతావాటిని సరిచేయండి. సరిచేసేటప్పుడు పెద్ద ముక్క వైపు అంచులే కత్తిరించాలి. చిట్టి ముక్క రెండంగుళాలే, దాన్ని ముట్టుకుంటే తేడా వెంటనే తెలిసిపోతుంది.

పరవడం

నేల మీద దుప్పటి వేసి, పాతికల్ని ఇలా పేర్చండి.

1, 8 వరుసలు: ఆరూ పసుపు.
2, 7 వరుసలు: ఒక పసుపు, నాలుగు తెలుపు, ఒక పసుపు.
3, 4, 5, 6 వరుసలు: పసుపు, తెలుపు, నారింజ, నారింజ, తెలుపు, పసుపు.

ఇక తిప్పడం. మొదటి పాతికను చిట్టి ముక్క కుడివైపు కింది మూలలో ఉండేలా పెట్టండి. పక్కదాన్ని తలకిందులు చేయండి, అంటే చిట్టి ముక్క ఎడమవైపు పై మూలలోకి వస్తుంది. ఇలా ఒకటి అలా, ఒకటి ఇలా వరుస చివరిదాకా. రెండో వరుసను తలకిందుల దాంతో మొదలుపెట్టండి. దీంతో పెద్ద ముక్కలు తిన్నగా వరుస కట్టకుండా కాస్త మీదికీ కిందికీ ఊగుతున్నట్టు కనిపిస్తాయి. చుట్టు మాత్రం చెదరదు.

కొత్తవాళ్లకు ఈ అమరికలో పెద్ద లాభం ఉంది. ఒక పాతిక అంచు మీద కుట్టు నాలుగున్నర దగ్గర వస్తే, పక్కదాని కుట్టు రెండు దగ్గర వస్తుంది. ఎక్కడా కుట్టుకు కుట్టు ఎదురు పడదు కాబట్టి కలిపే బాధ లేదు. కలవాల్సింది పాతికల మూలలు మాత్రమే. అన్నిటినీ ఒకే వైపుకు తిప్పి పెడితే జాలీ కిటికీలా పొందికగా ఉంటుంది, అదీ అందమే. కాకపోతే ప్రతి కుట్టూ కలవాలి. అది రెండో బొంతకు దాచుకోండి.

పేర్చాక కుర్చీ ఎక్కి ఫొటో తీయండి. తిప్పడంలో పొరపాటు నేల మీద చూస్తే కనపడదు, ఫొటోలో ఇట్టే దొరుకుతుంది. తర్వాత ప్రతి వరుసలో మొదటి పాతికకు అంకె రాసిన చీటీ గుచ్చి, వరుసలుగా కుట్టండి. బేసి వరుసల మార్జిన్లు కుడికి, సరి వరుసలవి ఎడమకి వాల్చి ఇస్త్రీ చేస్తే, వరుసల్ని కలిపేటప్పుడు ఇందాకటి కిటుకే ఇక్కడా పనిచేస్తుంది.

పొరలు, పై కుట్టు

అడుగుకు నూలు చీర. వెలిసినా ఫర్వాలేదు, చిరుగులు ఉండకూడదు. 45 బై 58 అంగుళాల ముక్క చాలు. మధ్యలోకి పాత పల్చని దుప్పటి గానీ, రెండు మూడు మడతల పాత చీర గానీ వేయండి. మన ఎండలకు ఇంతకన్నా మందం అక్కర్లేదు. దూది నింపాలని ఉంటే ఏకిన దూదిని సమంగా పరిచి, పై కుట్లు బాగా దగ్గర దగ్గరగా వేయాలి. లేకపోతే మొదటి ఉతుకుకే ఉండలు కడుతుంది.

చీరను బోర్లా పరిచి, ముడతల్లేకుండా లాగి అంచుల్ని టేపుతో నేలకు అంటించండి. దాని మీద దుప్పటి, దాని మీద పై బట్ట. నడుమ నుంచి బయటికి చేత్తో నిమురుతూ, బెత్తెడు దూరానికో పిన్నీసు పెట్టండి. పిన్నీసుల్లేకపోతే పొడుగాటి టాకాలు వేసినా సరే.

పై కుట్టుకు మిషన్ వద్దని నా అభిప్రాయం. మన బొంతల్లో వేసే రన్నింగ్ స్టిచ్చే దీనికి నప్పుతుంది. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలోంచి మూడు పోగులు విడదీసి, మూర పొడవే తీసుకోండి, ఎక్కువైతే చిక్కు పడుతుంది. నడుమ నారింజ ముక్కల చుట్టూ ఒక దీర్ఘచతురస్రం సుద్దతో గీసి దానితో మొదలుపెట్టండి. అక్కడి నుంచి రెండేసి అంగుళాల దూరంలో ఒకదాని వెలుపల ఒకటి గీస్తూ బయటికి రండి. బయటి నుంచి లోపలికి వస్తే బట్ట అంతా నడుమకు పోగై ఉబ్బుతుంది. ముడి కనబడకుండా ఉండాలంటే దారాన్ని చిన్నగా లాగి ముడిని పై బట్ట లోపలికి దూర్చేయండి. కుట్లు గింజంత చిన్నగా ఉండాలని లేదు, అన్నీ ఒకే పొడవు ఉంటే చాలు. మధ్య వేలికి టోపీ పెట్టుకోండి, మూడు పొరలు గుచ్చేసరికి వేలు పుండవుతుంది.

అంచు పట్టీకి రెండున్నర అంగుళాల వెడల్పుతో అయిదు పట్టీలు చాలు. మిగిలిన ఆకుపచ్చలో వాటికి చోటుండదు, కాబట్టి కొనేటప్పుడే ఇంకో 35 సెంటీమీటర్లు ఎక్కువ తీసుకోండి. పట్టీల్ని కలిపి నిలువుగా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, ముందువైపు మిషన్‌తో కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేయండి. మూల దగ్గర పావు అంగుళం ముందే కుట్టు ఆపి, పట్టీని పైకి మడిచి, మళ్లీ కిందికి దించి కొత్త వైపు మొదలుపెడితే మూల పదునుగా వస్తుంది.

మంచానికి సరిపడే పెద్దది కావాలంటే బయట ఇంకో చుట్టు వేసుకోండి. చుట్టుచుట్టుకూ రెండు గడులే పెరుగుతాయి: 2, 4, 6 తర్వాత 8. కట్లపువ్వు నీలంలో లేత ఛాయ తీసుకుని ఎనిమిది గడులు కుడితే 32 పాతికలు వచ్చి, బొంత 52 బై 65 అవుతుంది. అప్పుడు పెద్ద ముక్కలకు నీలం 4 పట్టీలు, పక్కలకు ఆకుపచ్చ ఇంకో 4 పట్టీలు, మధ్యలోకి పింక్ 8 ముక్కలు కావాలి. అడుగుకు ఒక్క పన్నా చాలదు. చీరను రెండు ముక్కలు చేసి పొడవునా కలపండి, ఆ అతుకు సరిగ్గా నడుమకు రాకుండా ఓ పక్కకు ఉండేలా చూసుకోండి. నడుమ మడత పడే చోట అతుకుంటే అక్కడే ముందు అరుగుతుంది.